బాబాయి ఫోన్లో తలంబ్రాలు ఆగకుండా పడాలంటే

మా బాబాయి కూతురి పెళ్లికి వెబ్ శుభలేఖ చేసే పని నా నెత్తిన పడింది. లింకు నొక్కగానే పసుపురంగు అడ్డుతెర కనిపిస్తుంది. తాకితే తెర దిగిపోతుంది, వెనక వధూవరుల పేర్లు, పైనుంచి తలంబ్రాలు. కిందికి జరిపితే ఫొటోలు, ముహూర్తం, కల్యాణమండపానికి మ్యాపు. నా ల్యాప్‌టాప్‌లో అద్భుతంగా ఆడింది. లింకు ఫ్యామిలీ గ్రూపులో పెట్టి మెచ్చుకోళ్ల కోసం చూస్తూ కూర్చున్నా. తెనాలి నుంచి బాబాయి ఫోన్ చేశాడు.

"ఏంట్రా, తలంబ్రాలు ఆగి ఆగి పడుతున్నాయి? పోసేవాళ్లకి చేతులు వణుకుతున్నాయా?"

వెనక నుంచి పిన్ని గొంతు: "అసలు తాళి కట్టకుండానే తలంబ్రాలేంటో అడగండి!"

పిన్ని చెప్పింది నిజమే. తెర తీశాక మంగళసూత్రం బొమ్మ వచ్చి, ఆ తర్వాతే గింజలు పడేలా ఆ రాత్రే మార్చేశా. బాబాయి చెప్పింది సరిచేయడానికి మాత్రం వారం పట్టింది. ఆ వారంలో చేసినవే ఇక్కడ రాస్తున్నా. కోడ్ పెట్టడం లేదు, లాజిక్ మాటల్లో చెబుతా. పేర్లు తెలిస్తే కోడ్ ఎక్కడైనా దొరుకుతుంది.

ముందు కొలవండి

నేను చేసిన మొదటి తప్పు, ఊహించి బాగుచేయబోవడం. గింజలు ఎక్కువయ్యాయేమో అనుకుని 150 నుంచి 100కి తగ్గించా. ఏమీ మారలేదు. చివరికి తెనాలి వెళ్లి బాబాయి ఫోన్లో డెవలపర్ ఆప్షన్స్ తెరిచి, యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి, కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి తగిలించా. క్రోమ్‌లోని ఇన్‌స్పెక్ట్ పేజీ తెరిస్తే ఫోన్లో ఉన్న ట్యాబ్ ల్యాప్‌టాప్‌లో కనిపిస్తుంది. అక్కడ పెర్ఫార్మెన్స్ ప్యానెల్‌లో రికార్డ్ నొక్కి, తెర తీసి, అయిదు సెకన్లు ఆగి, ఆపేయడమే.

వచ్చిన బొమ్మలో పసుపు అంటే జావాస్క్రిప్ట్, ఊదా అంటే లేఅవుట్ లెక్కలు, ఆకుపచ్చ అంటే రంగులు వేసే పని, అదే పెయింట్. నా రికార్డింగ్ నిండా ఊదాయే. గింజలు గీయడం కాదు, వాటి చోటు లెక్కపెట్టడమే బ్రౌజర్‌ని తినేస్తోంది.

చేతిలో పాత ఫోను లేకపోతే అదే ప్యానెల్‌లో సీపీయూని 4 రెట్లో 6 రెట్లో నెమ్మది చేసి చూడొచ్చు. కానీ అది గ్రాఫిక్స్ చిప్‌ని నెమ్మది చేయదు. ల్యాప్‌టాప్‌లో అలా పరీక్షించి బాగుందని వదిలేసిన పేజీ నిజం ఫోన్లో తడబడటం నేను రెండుసార్లు చూశా. ఇంట్లో పెద్దవాళ్ల ఫోను అడిగి తీసుకోవడమే నయం.

లెక్క చిన్నదే. 60 హెర్ట్జ్ తెర సెకనుకి 60 సార్లు మారుతుంది, అంటే ఒక్కో ఫ్రేముకి (తెర మీద ఒక్కసారి వచ్చే బొమ్మకి) 16.7 మిల్లీసెకన్లు. 90 హెర్ట్జ్ అయితే 11.1, 120 అయితే 8.3. అందులో బ్రౌజర్ సొంత పనులూ ఉంటాయి కాబట్టి 60 హెర్ట్జ్ ఫోన్లో మీ చేతిలో ఉండేది పది మిల్లీసెకన్లే అనుకోండి. పని ఆలోగా తేలకపోతే ఆ ఫ్రేము పోయినట్టే, పాత బొమ్మే ఇంకో 16.7 మిల్లీసెకన్లు నిలబడుతుంది. కంటికి ఎక్కువ చికాకు పుట్టించేది నెమ్మది కాదు, సమంగా లేకపోవడం. అన్ని ఫ్రేములూ సమానంగా 33 మిల్లీసెకన్లకి ఒకటి చొప్పున వస్తే బాబాయి ఫోన్ చేసేవాడు కాదు. ఒకటి 16కి, ఇంకొకటి 50కి వస్తేనే చేతులు వణుకుతున్నట్టు కనిపిస్తుంది.

అడ్డుతెర: హైట్ ముట్టుకోవద్దు

తెర దిగడానికి నేను దాని హైట్‌ని నూరు శాతం నుంచి సున్నాకి తగ్గించా. ఎవరికైనా ముందు తట్టేది అదే. కానీ హైట్ మారినప్పుడల్లా బ్రౌజర్ మూడు పనులూ చేయాలి: ఏది ఎక్కడుండాలో లెక్కపెట్టాలి, మళ్లీ రంగులు వేయాలి, పొరలన్నీ కలిపి తెర మీద పెట్టాలి. విడ్త్, టాప్, లెఫ్ట్, మార్జిన్, అన్నీ ఇదే కోవ.

ట్రాన్స్‌ఫార్మ్, ఒపాసిటీ ఈ రెండూ మొదటి రెండు పనుల్ని దాటేస్తాయి. ఒకసారి గీసిన బొమ్మనే గ్రాఫిక్స్ చిప్ అటూ ఇటూ జరుపుతుంది, పలచన చేస్తుంది. పెళ్లి బంతిలో వడ్డనకి దిగాక ఎవరూ కూరగాయలు తరగరు కదా, తరిగి వండినదాన్ని తెచ్చి పెట్టడమే. తెరని ట్రాన్స్‌లేట్ వైతో నూరు శాతం కిందికి జరిపి, దాన్ని పట్టుకున్న డబ్బాకి, బయటికి పోయిన భాగం కనిపించకుండా, ఓవర్‌ఫ్లో హిడెన్ పెట్టా. చూడ్డానికి తేడా లేదు, ఊదా రంగు మాత్రం మాయమైంది.

నమ్మకం కుదరకపోతే ఒక ప్రయోగం చేయండి. ఒకే పేజీలో రెండు డబ్బాలు పెట్టండి. ఒకటి పేజీ రూపాన్ని చెప్పే సీఎస్ఎస్‌లో హైట్‌తో కదలాలి, ఇంకొకటి ట్రాన్స్‌ఫార్మ్‌తో. రెండూ కదులుతుండగా జావాస్క్రిప్ట్‌లో అర సెకను పాటు ఊరికే తిరిగే లూప్ ఒకటి వదలండి. హైట్ డబ్బా బిగుసుకుపోతుంది. ట్రాన్స్‌ఫార్మ్ డబ్బా ఏమీ జరగనట్టు సాగిపోతుంది, ఎందుకంటే దాన్ని నడిపేది జావాస్క్రిప్టూ లేఅవుటూ నడిచే మెయిన్ థ్రెడ్ కాదు, పొరల్ని కలిపి తెర మీద పెట్టే కంపోజిటర్. ఇది చూశాక ఇక ఎవరూ చెప్పక్కర్లేదు. అయితే ట్రాన్స్‌ఫార్మ్‌నే జావాస్క్రిప్ట్‌తో ప్రతి ఫ్రేములో మారుస్తూ పోతే ఈ లాభం రాదు. సీఎస్ఎస్ ట్రాన్సిషన్‌కో, వెబ్ యానిమేషన్స్ ఏపీఐకో అప్పగించాలి.

తెర అంచున జరీకి నీడ ఉంది, తెర దిగుతుంటే ఆ నీడ ముదరాలి. బాక్స్ షాడోని నేరుగా యానిమేట్ చేస్తే ప్రతి ఫ్రేముకీ పెయింటే. ముదురు నీడని సీఎస్ఎస్సే పుట్టించే వేరే సూడో ఎలిమెంట్‌కి ముందే వేసి, దాని ఒపాసిటీని సున్నా నుంచి ఒకటికి పెంచితే అదే కనిపిస్తుంది. బ్లర్ ఫిల్టర్ల జోలికి మాత్రం వెళ్లకండి. మామూలు ఫోన్లలో నిండు తెరంత బ్లర్ చాలా బరువు.

ఇక విల్ చేంజ్. నెట్‌లో ఎక్కడో చదివి, 24 ఫొటోలకీ తగిలించేశా. అది "దీన్ని విడి పొరగా ఉంచు" అని బ్రౌజర్‌కి చెప్పడం. పొరకి మెమరీ కావాలి. 1080 బై 2400 తెరంత పొర ఒక్కటి, పిక్సెల్‌కి 4 బైట్ల చొప్పున 10 ఎంబీ పైమాటే. అలాంటివి పదీ పదిహేనూ పేరిస్తే చిన్న ఫోను ఊపిరాడక ట్యాబ్‌నే మళ్లీ లోడ్ చేస్తుంది. ఇప్పుడు ఒక్క అడ్డుతెరకే ఉంచా. అది కూడా వేలు తగలగానే పెట్టి, ట్రాన్సిషన్ అయిపోగానే తీసేస్తున్నా.

వేగం గురించి ఒక మాట. మొదట ఈజ్ అవుట్ పెట్టా, తెర లిఫ్టు తలుపులా మెల్లగా వచ్చి ఆగింది. గుడ్డ అలా పడదు, వదిలేశాక వేగం అందుకుంటుంది. ఈజ్ ఇన్ పెట్టి, 1500 మిల్లీసెకన్లని 700కి తగ్గించా. మొదటిసారి చూసేవాళ్లకి 1500 బాగుంటుంది, ముహూర్తం టైము చూసుకోవడానికి నాలుగోసారి తెరిచినవాళ్లకి విసుగొస్తుంది.

తలంబ్రాలు: అసలు కథ ఇక్కడే

మొదట నేను చేసింది చెబితే నవ్వుతారు. గింజకొకటి చొప్పున పేజీలో 150 స్పాన్లు (చిన్న ఎలిమెంట్లు) పెట్టి, ఫంక్షన్‌ని పదే పదే పిలిచే సెట్ ఇంటర్వల్‌ని 16 మిల్లీసెకన్లకి బిగించి, ప్రతిదానికీ టాప్‌ని 2 పిక్సెళ్లు పెంచా. సెట్ ఇంటర్వల్ తెర ఎప్పుడు మారుతుందో చూసుకోదు, దాని గడియారం దానిదే. ఒక ఫ్రేములో రెండుసార్లు పనిచేస్తుంది, ఇంకో ఫ్రేములో అసలు చేయదు. రిక్వెస్ట్ యానిమేషన్ ఫ్రేమ్ ఉన్నది ఇందుకే. బ్రౌజర్ తర్వాతి ఫ్రేము గీసే ముందు మీ ఫంక్షన్‌ని పిలుస్తుంది. 2011లో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 4లోనే దీని తొలి రూపం ఉంది. ఇన్నేళ్ల తర్వాత కూడా నాలాంటివాళ్లు సెట్ ఇంటర్వల్ రాస్తున్నారంటే ఏమనాలి.

స్పాన్లు తీసేసి, బొమ్మలు గీసుకునే ఖాళీ పలక లాంటి క్యాన్వాస్‌కి మారా. పదీ ఇరవై వస్తువులైతే మామూలు ఎలిమెంట్లే మేలు, క్లిక్కులూ సీఎస్ఎస్సూ ఉచితంగా వస్తాయి. వంద దాటి, వాటిని ఎవరూ నొక్కరంటే క్యాన్వాస్ నయం.

అంతా అయింది అనుకున్న రోజు కాబోయే పెళ్లికొడుకు వీడియో పంపాడు. అతనిది 120 హెర్ట్జ్ ఫోను. తలంబ్రాలు వడగళ్లలా పడుతున్నాయి! ఫ్రేముకి 2 పిక్సెళ్లు అంటే 60 హెర్ట్జ్‌లో సెకనుకి 120 పిక్సెళ్లు, 120 హెర్ట్జ్‌లో 240. వేగాన్ని ఫ్రేముల్లో కాదు, సెకన్లలో చెప్పాలి. రిక్వెస్ట్ యానిమేషన్ ఫ్రేమ్ మీ ఫంక్షన్‌కి ఒక టైము ఇస్తుంది, మిల్లీసెకన్లలో. దానిలోంచి కిందటి ఫ్రేము టైము తీసేసి, వెయ్యితో భాగిస్తే గడిచిన సెకన్లు వస్తాయి. వేగాన్ని దానితో గుణించి గింజ చోటుకి కలపండి. ఏ ఫోన్లో అయినా గింజ ఒకేసారి నేలకి చేరుతుంది. ఐఫోన్‌లో లో పవర్ మోడ్ ఆన్ చేస్తే సఫారీ సెకనుకి 30 ఫ్రేములకి దిగిపోతుంది, అక్కడా ఈ లెక్కే కాపాడుతుంది.

ఇందులో ఒక మెలిక ఉంది. చూస్తూ చూస్తూ వాట్సాప్‌కి వెళ్లి, నిమిషం తర్వాత తిరిగొస్తారు. ట్యాబ్ కనిపించనంతసేపూ బ్రౌజర్ మీ ఫంక్షన్‌ని పిలవదు. రాగానే గడిచిన టైము 60 సెకన్లని వస్తుంది, గింజలన్నీ 7200 పిక్సెళ్లు కిందికి దూకేస్తాయి. అందుకే గడిచిన టైము 0.05 దాటితే 0.05గానే తీసుకోండి. ఒక్క లైను.

తర్వాత గింజ గీయడం. పసుపు గ్రేడియంటు, చిన్న నీడ, కోలగా రెండు వంపులు. దాన్నే 150 సార్లు, సెకనుకి 60 సార్లు అంటే 9000 గింజలు. క్యాన్వాస్‌లో షాడో బ్లర్ మహా ఖరీదు. కాబట్టి పేజీ తెరవగానే కనిపించని చిన్న క్యాన్వాస్ మీద గింజని ఒక్కసారి నీడతో సహా గీసి పెట్టుకున్నా. లేత పసుపు, ముదురు పసుపు, కుంకుమ అంటినది, ముత్యం, మొత్తం నాలుగు రకాలు. ఫ్రేములో చేసేది డ్రా ఇమేజ్‌తో అచ్చు వేయడమే. తిప్పడానికి సేవ్, రొటేట్, రిస్టోర్ అనే వరస కాకుండా సెట్ ట్రాన్స్‌ఫార్మ్ ఒక్కటే పిలిస్తే సరిపోతుంది. బాబాయి ఫోన్లో ఒక్క ఈ మార్పుతోనే గీసే టైము 14 మిల్లీసెకన్ల నుంచి 5కి దిగింది.

కొంతమంది గింజ కిందికి వెళ్లగానే దాన్ని లిస్టులోంచి తీసేసి పైన కొత్తది పుట్టిస్తారు. అలా పారేసినవి పోగయ్యాక జావాస్క్రిప్ట్ చెత్త ఊడ్చడానికి దిగుతుంది, ఆ ఊడ్చే కాసేపు మీ ఫ్రేము ఆగుతుంది. ఏ కారణమూ లేకుండా ప్రతి మూడు నాలుగు సెకన్లకీ ఒక చిన్న కుదుపు వస్తోందంటే అనుమానించాల్సింది దీన్నే. నా దగ్గర మొదట చేసిన 150 గింజలే చివరిదాకా. తెర దాటిన గింజకి కొత్త అడ్డచోటు, కొత్త వేగం ఇచ్చి పైకి పంపేస్తా. ఫ్రేము లోపల కొత్త ఆబ్జెక్టు, కొత్త అర్రే, మ్యాప్, ఫిల్టర్, ఏవీ లేవు. మామూలు ఫర్ లూప్.

క్యాన్వాస్ మసగ్గా ఉందని మరదలు ఫిర్యాదు చేసింది. డివైస్ పిక్సెల్ రేషియో, అంటే సీఎస్ఎస్ చెప్పే ఒక్క పిక్సెల్ నిడివిలో తెర మీద అసలు పిక్సెళ్లు ఎన్నో, అది పట్టించుకోకపోతే అంతే. తెర 360 బై 800 అని చెప్పే ఫోన్లో ఆ రేషియో 3 అయితే అసలు పిక్సెళ్లు 1080 బై 2400. క్యాన్వాస్‌ని అంత సైజులో చేసి, సీఎస్ఎస్‌లో 360 బై 800కి కుదించాలి. కానీ పూర్తిగా 3 పెడితే దాదాపు 26 లక్షల పిక్సెళ్లు ప్రతి ఫ్రేములో తుడిచి గీయాలి. 2 దగ్గర ఆపితే పదకొండున్నర లక్షలు, సగం కన్నా తక్కువ. ఎగురుతున్న గింజల్లో తేడా నాకే తెలియలేదు, మరదలికీ తెలియలేదు. అక్షరాలైతే 3 పెట్టేవాణ్నే, కానీ పేర్లని క్యాన్వాస్ మీద రాయలేదు, మామూలు హెచ్‌టీఎంఎల్‌లోనే ఉంచి క్యాన్వాస్‌ని పైన పరిచా. తెలుగు ఒత్తులు చక్కగా వస్తాయి, కాపీ చేసుకోవచ్చు. పైన పరిచిన క్యాన్వాస్‌కి తాకినవి కిందికి వదిలేసే పాయింటర్ ఈవెంట్స్ నన్ పెట్టడం మరిచిపోవద్దు. నేను మరిచిపోయా. మ్యాపు బటను ఎందుకు పనిచేయడం లేదో తెలియక గంట తల పట్టుకున్నా.

అన్ని ఫోన్లకీ 150 గింజలు పెట్టడం కూడా మొండితనమే. మొదటి 60 ఫ్రేముల్లో ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య సగటు చూస్తా. 20 మిల్లీసెకన్లు దాటితే గింజలు 70కి దించేస్తా. ఫోను పేరు చూసి, ర్యామ్ చూసి నిర్ణయించడం కన్నా ఇదే నిజం చెబుతుంది. ఎండాకాలంలో వేడెక్కిన మంచి ఫోను కూడా నెమ్మదిస్తుంది కదా.

పన్నెండు సెకన్ల తర్వాత గింజల్ని మళ్లీ పైకి పంపడం ఆపేసి, చివరి గింజ దిగగానే లూప్‌నే ఆపేస్తా. తర్వాతి ఫ్రేము అడగకపోతే చాలు. దీన్ని వదిలేసిన పేజీలు ఫోన్ బ్యాటరీ ఎలా తాగుతాయో చెప్పనక్కర్లేదు.

ఫొటోలు

ఫొటోగ్రాఫరు ఇచ్చిన ఫొటోలు 4000 బై 3000. ఫైలు 4 ఎంబీయే కదా అనుకుంటాం. తెర మీదికి రావాలంటే విప్పాలి, విప్పితే ఒక్కోటి 48 ఎంబీ. జరుపుతుంటే సరిగ్గా ఫొటో వచ్చే చోట పేజీ ఆగిందంటే ఇదే కారణం. 1080 వెడల్పుకి కుదిస్తే దాదాపు మూడున్నర ఎంబీ. అన్నీ కుదించి, ఇమేజ్ ట్యాగుకి విడ్త్, హైట్ రాసి, తెర దగ్గరికి వస్తేనే లోడయ్యేలా లోడింగ్ లేజీ పెట్టా. విడ్త్, హైట్ రాయకపోతే ఫొటో వచ్చినప్పుడల్లా కిందున్నవన్నీ గెంతుతాయి.

ఫొటోలు కనిపించినప్పుడు మెల్లగా తేలుతూ రావాలని స్క్రోల్ ఈవెంట్‌లో ఒక్కో ఫొటో చోటు కొలిచి, వెంటనే దాని స్టైల్ మార్చి, తర్వాతి ఫొటో కొలిచా. స్టైల్ మార్చాక కొలత అడిగితే బ్రౌజర్ పాత లెక్క చెల్లదని మొత్తం లేఅవుట్ మళ్లీ వేస్తుంది. 24 ఫొటోలంటే ఒక్క ఫ్రేములో 24 సార్లు. ఒక్కో విస్తరిలో వడ్డించి, మళ్లీ బంతి మొదటికి వెళ్లి తలలు లెక్కపెట్టి, రెండో విస్తరికి వచ్చినట్టు. ఆఫ్‌సెట్ హైట్, గెట్ బౌండింగ్ క్లయింట్ రెక్ట్ లాంటివన్నీ ముందు ఒకేసారి చదవండి, రాయడాలు ఆ తర్వాత. నాకైతే చివరికి ఆ కోడే అక్కర్లేకపోయింది. ఇంటర్‌సెక్షన్ అబ్జర్వర్ ఫొటో తెరలోకి రాగానే తనే చెబుతుంది, నేను ఒక క్లాసు తగిలిస్తా, సీఎస్ఎస్ మిగతాది చూసుకుంటుంది.

చిన్న ఫొటో నొక్కితే పెద్దదయ్యే చోట వాడింది ఫ్లిప్. 2015లో, అప్పట్లో గూగుల్ క్రోమ్ బృందంలో ఉన్న పాల్ లూయిస్ పెట్టిన పేరు అది: ఫస్ట్, లాస్ట్, ఇన్వర్ట్, ప్లే. ఫొటో ఇప్పుడున్న చోటు కొలుస్తాం. దాన్ని ఒక్కసారిగా పెద్ద చోటుకి మార్చి మళ్లీ కొలుస్తాం. ట్రాన్స్‌ఫార్మ్‌తో పాత చోటులోనే ఉన్నట్టు నమ్మిస్తాం. తర్వాతి ఫ్రేములో ఆ ట్రాన్స్‌ఫార్మ్‌ని ట్రాన్సిషన్‌తో తీసేస్తాం. వేలు తగిలిన క్షణాన కాస్త లెక్క ఎక్కువైనా ఎవరూ గమనించరు, కదలడం మొదలయ్యాక ఆగితే అందరికీ తెలుస్తుంది. ఖరీదైన కొలతలన్నీ ఆ క్షణంలోనే తోసేయడం దీని కిటుకు.

వేలితో ఫొటోలు పక్కకి జరిపే చోట టచ్ ఈవెంట్లకి పాసివ్ అని చెప్పండి. లేకపోతే మీరు స్క్రోల్ ఆపుతారేమోనని బ్రౌజర్ ప్రతిసారీ మీ కోడ్ కోసం కాచుకుంటుంది.

కదలిక వద్దనుకునేవాళ్లు

కదిలే బొమ్మలు చూస్తే కళ్లు తిరిగేవాళ్లు, వికారం వచ్చేవాళ్లు ఉంటారు. ఆండ్రాయిడ్‌లో యానిమేషన్లు తీసేసే సెట్టింగు, ఐఫోన్‌లో రెడ్యూస్ మోషన్ వాళ్ల కోసమే. ప్రిఫర్స్ రెడ్యూస్డ్ మోషన్ అనే మీడియా క్వెరీతో మీ పేజీకి ఆ సంగతి తెలుస్తుంది. అది ఉంటే నా శుభలేఖలో తెర జారదు, మెల్లగా మాసిపోతుంది. తలంబ్రాలు పేర్ల చుట్టూ చల్లిన బొమ్మగా కదలకుండా ఉంటాయి. దీనికి పట్టింది ఇరవై నిమిషాలు.

చివరి రికార్డింగ్ కోసం మళ్లీ తెనాలి వెళ్లా. బాబాయి ఫోన్లో ఊదా గీతలు దాదాపు లేవు, ఫ్రేముకి నా పని 7 మిల్లీసెకన్ల దగ్గర నిలిచింది, గింజలు 150 అలాగే ఉన్నాయి. బాబాయి తెర తీసి, తలంబ్రాలు అయిపోయేదాకా చూసి, ఫోను కాస్త దూరంగా పట్టుకుని అన్నాడు: "ముహూర్తం అక్షరాలు చిన్నగా ఉన్నాయిరా, పెంచు."

18 పిక్సెళ్లు 22 చేశా. కేబుల్ ఇంకా తగిలించే ఉంది.